సిరోంచ కుర్రాళ్ళ సాయంత్రం సెంటర్: నోటుబుక్కుకు ఐదు నక్షత్రాలు, ఉపన్యాసాలకు ఒకటి

మీ ఇంట్లో పదిహేనుకీ ఇరవై రెండుకీ మధ్య వయసు పిల్లాడుండి, రాత్రి పది దాటాక ఎవరో ఫోన్ చేస్తే మారుమాట లేకుండా బండి తాళం తీసుకుని పోతున్నాడంటే, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచలో, కుర్రాళ్ళు దొంగ మద్యం దందాలో, కొట్లాటల్లో, తీవ్రవాదంలో పడకుండా చూసే ఈ సెంటర్ మీకు పనికొస్తుంది. చదవడు, ఎప్పుడూ ఫోనే, చెప్పిన మాట వినడు అన్నంతవరకే మీ బాధ అయితే అక్కడికి పోయి వాళ్ళ టైం తినకండి. ముగ్గురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి, అంతే వాళ్ళ బలగం. ఆ నలుగురే అంకీసా, ఆసరెల్లి, రేగుంట, అటు జింగానూర్ దాకా తిరగాలి.

పేరు రాయడం లేదు. వాళ్ళూ బోర్డు పెట్టుకోలేదు. అది మొహమాటం కాదు, పనిలో భాగం. ఈ జిల్లాలో 'ఖబరీ' (పోలీసులకు కబురు చేరవేసేవాడు) అన్న ముద్ర పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. 'అన్నల మనిషి' అన్న ముద్ర పడితే అది పోలీసు వెరిఫికేషన్ దాకా, పెళ్ళి సంబంధాల దాకా వెంట వస్తుంది. దారి తప్పిన పిల్లల సెంటర్ అని గోడ మీద రాస్తే ఈ రెంటికీ తోడు మూడో ముద్ర తయారవుతుంది. కాబట్టి బయటికి అది క్యారమ్ ఆడే చోటు. అడిగినవాళ్ళకు అలాగే చెప్పండి.

ఉన్నది రెండు గదుల అద్దె ఇల్లు, ముందు రేకుల షెడ్డు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర వరకు తెరిచి ఉంటుంది. రెండు క్యారమ్ బోర్డులు, నీళ్ళ క్యాను, పక్కన కబడ్డీకి చదును చేసిన జాగా. టీవీ లేదు, వైఫై లేదు. అసలు సరంజామా గోడకున్న ఎనిమిది ప్లగ్గుల చార్జింగ్ బోర్డు. ఫోన్ అక్కడ పెడితే నలభై, యాభై నిమిషాలు పిల్లాడు కదలడు. ఆ కాసేపు అతని చేతులు ఖాళీగా ఉంటాయి, నోరు తెరుచుకుంటుంది. ఫోన్ మోగితే స్క్రీన్ మీద పేరు చూడకూడదన్నది కార్యకర్తల నియమం. పిల్లాడి మొహం చూడాలి. మూడుసార్లు మోగినా లేవనివాడికీ, మొదటి మోతకే చెప్పులు వేసుకునేవాడికీ తేడా ఆ గదిలో కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. ఖర్చు లేని పరికరం, దీన్ని మించింది మేమెక్కడా చూడలేదు.

ఇక నోటుబుక్కు. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు, అడ్డగీతలు స్కేలుతో కొట్టినవి. ఐదు గళ్ళు: తేదీ, గుర్తు, ఎక్కడ కలిశారు, ఎన్నోసారి, మళ్ళీ ఎప్పుడు. పిల్లల పేర్లు లేవు. గుర్తు అంటే చెట్టు పేరు: ఇప్ప, తునికి, మోదుగ, నల్లమద్ది. పక్కన ఒక్క మాట మాత్రం ఉంటుంది: అప్పు, బండి, కొట్లాట, ఫోన్, ఇల్లు. "మోదుగ, బస్టాండు, 4వసారి, అప్పు, శుక్రవారం" అని ఉందనుకోండి, ఆ పుస్తకం ఎవరి చేతికి చిక్కినా దాంతో ఏమీ చేసుకోలేరు. ఫోన్లో ఏదీ రాయరు, ఫొటో తీయరు. ఏ చెట్టు ఏ పిల్లాడో ఆ పిల్లాణ్ణి చూసుకునే కార్యకర్తకే తెలుసు. ఒక్కొక్కరికి పన్నెండు, పదిహేను మందికి మించి ఇవ్వరు, అంతకు మించితే గుర్తుండదు కూడా. కార్యకర్త మారితే కొత్తవాడికి అప్పజెప్పడం నోటితోనే, అదీ పిల్లాడు ఎదురుగా ఉండగా.

లోపం కూడా ఇక్కడే ఉంది. జీతాలు నెలల తరబడి ఆగిన సమయంలో ఒక కార్యకర్త చెప్పకుండా పని మానేశాడు. అప్పగింతలు లేవు. పుస్తకంలో ఆరు చెట్లు ఎవరివో ఎవరికీ తెలియకుండా మిగిలిపోయాయి. పేర్లు రాయకపోవడం సరైనదే, కానీ ప్రతి పిల్లాణ్ణీ ఇద్దరు ఎరిగి ఉండాలన్న నియమం మొదటి నుంచీ ఉండాల్సింది. ఇప్పుడు పెట్టుకున్నారు.

పిల్లాడు రెండోసారి వచ్చినప్పుడు ఒక మాట సూటిగా చెబుతారు. ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు, మూడు తప్ప: ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందని తెలిస్తే, చిన్నపిల్లల మీద అఘాయిత్యం అయితే, తుపాకో పేలుడు పదార్థమో దాచిన సంగతి అయితే. ఈ మూడింటికీ పోలీసుల దగ్గరికి పోతామని ముందే చెప్పేస్తారు. ముందు చెప్పకుండా తర్వాత పోయిన సెంటర్లు మూతపడతాయి.

కొట్లాట దగ్గర వీళ్ళ పనితనం చూడాలి. దెబ్బలాట అయ్యాక మొదటి కొన్ని గంటలే కీలకం. శికాగోలో గ్యారీ స్లట్కిన్ అనే అంటువ్యాధుల డాక్టర్ 2000లో వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్ పేటలో మొదలుపెట్టిన పద్ధతి కూడా దీని మీదే నడిచింది: హింస రోగంలా ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది, ప్రతీకారం అనే గొలుసును మధ్యలో తెంపాలి, తెంపేవాడు ఆ వీధివాడే అయ్యుండాలి. సిరోంచలో దాన్ని ఎవరూ చదివి చేయడం లేదు, చేస్తున్నది మాత్రం అదే. కబురు రాగానే కార్యకర్త కొట్టినవాడి దగ్గరికి పోడు. కొట్టించుకున్నవాడి దగ్గరికి పోతాడు, ఎందుకంటే తర్వాతి దెబ్బ వాడి చేతిలో ఉంది. ఒక్కడే పోతాడు, ఊరి పెద్దను వెంటబెట్టుకోడు. గాయముంటే ముందు ఆసుపత్రి. అక్కడ మెడికో లీగల్ కేసుగా రాస్తారనీ, పోలీసులకు సమాచారం పోతుందనీ ఇంటివాళ్ళకు అప్పుడే చెబుతారు. కేసు తప్పించడానికి కుట్లు ఇంట్లో వేయించుకోమనే సలహా ఇక్కడ దొరకదు.

ఆ తర్వాత బండి తాళం. "తమ్మీ, తాళం నా దగ్గర పెట్టు. అన్నం తిను. రేపటిదాకా నువ్వు ఎటూ పోతలేవు, నేనూ పోను." ఇంతే అంటాడు. తప్పెవరిదన్న మాట ఎత్తడు, క్షమించమనడు. మూడోది వీడియో. ఇప్పుడు కొట్లాట జరిగితే పది నిమిషాల్లో గ్రూపులో వీడియో పడుతుంది, దాని కింద నవ్వే బొమ్మలు పడతాయి, రెండో కొట్లాటకు కారణం ఆ నవ్వులే. వీడియో పెట్టినవాణ్ణి విడిగా కలిసి తీయించేస్తారు, గ్రూపులో మాత్రం ఒక్క ముక్క రాయరు. ఈలోగా రెండో కార్యకర్త అవతలివాడి దగ్గర ఉంటాడు. ఇద్దర్నీ అదే రోజు ఎదురెదురుగా కూర్చోబెట్టరు. కనీసం మూడు రోజులు ఆగుతారు. కూర్చోబెట్టేది ఎవరింట్లోనూ కాదు, టీ కొట్టు దగ్గర.

ఇది చెడిపోయేది ఎక్కడంటే, కులపెద్దలు మధ్యలో దూరి జరిమానా వేసినప్పుడు. ఐదు వేలు కట్టమంటారు, పెద్దమనిషి తీర్పు అంటారు. కూలికి పోయే ఇంట్లో ఐదు వేలు ఎక్కడివి? పిల్లాడు దొంగ మద్యం నడిపే దారు సేఠ్ దగ్గర అప్పు తెస్తాడు. అక్కడితో కొట్లాట తీరిపోతుంది, ఉద్యోగం మొదలవుతుంది. అందుకే రాజీలో డబ్బు ఉండకూడదని ఈ సెంటర్ పట్టుబడుతుంది. ప్రతిసారీ నెగ్గలేదు.

దారు సంగతి తెలియనివాళ్ళ కోసం: గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. నది అవతల తెలంగాణలో వైన్స్ షాపులు బాజాప్తా నడుస్తాయి. మధ్యలో గోదావరి, ప్రాణహిత, వాటి మీద వంతెనలు, ఎండాకాలం ఇసుక మేటలు. ఇంత సౌకర్యం ఉన్నచోట దందా పుట్టకుండా ఎలా ఉంటుంది? పిల్లాడికి మొదట ఇచ్చే పని సీసాలు మోయడం కాదు. రోడ్డు మీద నిలబడి పోలీసు జీపు వస్తే ఫోన్ చేయడం. అందులో తప్పేమీ ఉన్నట్టు అనిపించదు. తర్వాత ఆ ఫోనే మంచిది కొనిస్తారు. ఆ తర్వాత బండి. గాలం అదే. డౌన్ పేమెంట్ సేఠ్ కడతాడు, బండి రిజిస్ట్రేషన్ పిల్లాడి పేరునో వాళ్ళ బాపు పేరునో ఉంటుంది. దొరికితే బండి జప్తు, కాగితం మీద పేరు వీళ్ళది, ఫైనాన్స్ వాళ్ళు వచ్చేదీ వీళ్ళింటికే.

సెంటర్ వాళ్ళు ఇందులో చేసేది లెక్కలు కట్టించడం. పిల్లాడితో కూర్చుని డౌన్ పేమెంట్ ఎంత, నెలకు కిస్తీ ఎంత, ఎన్ని ట్రిప్పులు వేశాడు, ట్రిప్పుకు ఎంత ఇస్తానని ఎంత ఇచ్చాడు, ఇవన్నీ ఒక కాగితం మీద రాయిస్తారు. చాలామందికి తాము ఎప్పుడో అప్పు తీర్చేశామని అప్పుడే తెలుస్తుంది. ఆ కాగితం పిల్లాడే చించేసి పోతాడు. బండి వదిలించుకునే దారి కూడా చెబుతారు: రాత్రికి రాత్రి పారిపోవద్దు, పగలు నలుగురిలో బండి అప్పజెప్పి, ఫైనాన్స్ కాగితం మీద సంగతి తేల్చుకుని రావాలి. ఒకప్పుడు చందాలు వేసి ఒకరిద్దరి అప్పు తీర్చారట, మానేశారు. మంచి పని చేశారు. అప్పు తీరుస్తారని తెలిస్తే అప్పులే పెరుగుతాయి.

మైనర్ల విషయంలో చట్టం గట్టిదే. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, 78వ సెక్షన్ ప్రకారం పిల్లలతో మద్యం, మత్తుపదార్థాలు మోయిస్తే ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. ఈ మాట సేఠ్‌ల చెవిన పడేలా చూస్తారు, ఎవరితోనో అనిపిస్తారు. ఫలితం? పదహారేళ్ళవాణ్ణి వదిలేస్తున్నారు, పద్దెనిమిది నిండేదాకా ఆగుతున్నారు. పద్దెనిమిదో పుట్టినరోజుకు కేకు తెచ్చేది ఇంట్లోవాళ్ళు కాదు, బండి ఇవ్వబోయేవాడు. కేకు కోసేది తల్వార్‌తో, వెనక రీల్‌కు పాట. వ్యవసాయానికీ ఇంటికీ వాడేవి పక్కనపెడితే, తొమ్మిది అంగుళాల కన్నా పొడవో, రెండు అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల్లోకి వస్తాయన్న సంగతి ఆ పిల్లాడికి తెలియదు. కేసుకు సాక్ష్యం తానే అప్‌లోడ్ చేసుకుంటాడు. సెంటర్ వాళ్ళు పదిహేడున్నర దాటిన ప్రతి చెట్టు పక్కన నోటుబుక్కులో చిన్న చుక్క పెడతారు. పుట్టినరోజు వారం ఎవరో ఒకరు వెంట ఉంటారు, పుట్టినరోజుకు కేకు తామే కోయిస్తారు, ప్లాస్టిక్ చాకుతో. చిన్నపనే, తెలివైన పని.

గంజాయి గురించి గోడ మీద ఒక అట్ట ఉంది, అది ఇంకా పెద్ద అక్షరాల్లో రాయించాలి. కిలో లోపు దొరికితే ఏడాది దాకా శిక్ష. కిలోకీ ఇరవైకీ మధ్య పదేళ్ళ దాకా. ఇరవై కిలోలు దాటితే పది నుంచి ఇరవై ఏళ్ళు. సంచి ఇచ్చినవాడు ఎప్పుడూ బరువు చెప్పడు. సంచిలో ఏముందో నాకు తెలియదు అంటే సరిపోతుందని పిల్లలు అనుకుంటారు. మత్తుపదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో తెలియదని రుజువు చేసుకోవాల్సింది పట్టుబడ్డవాడే.

ఇప్పుడు అన్నల విషయం. 1980లో పీపుల్స్‌వార్ మొదటి దళాలు గోదావరి దాటి వచ్చింది ఈ తాలూకాలోకే, వాళ్ళలో ఒకడైన పెద్ది శంకర్ చనిపోయిందీ ఇక్కడి మోయబిన్‌పేటలోనే. 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ 60 మందితో కలిసి గడ్చిరోలిలో లొంగిపోయాక, ఇక లోపలికి పోయేవాడెవడు, ఈ సెంటర్ దేనికి అంటున్నవాళ్ళున్నారు. అది తొందరపాటు. లోపలికి పోవడం తగ్గింది, బయటికి వచ్చినవాళ్ళు పెరిగారు. వాళ్ళ తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు ఉన్నారు, బడిలో వాళ్ళను పిలిచే పేర్లున్నాయి. అటుపక్క అడవి ఖాళీ అయిందని ఫోన్ ఖాళీ కాలేదు. ఏ మతంవాణ్ణి ఎలా కొట్టాలో చెప్పే వీడియోలు మూడు భాషల్లో వస్తున్నాయి.

ఈ పనిలో సెంటర్‌కు నాలుగున్నర ఇస్తాం, ఒకే కారణానికి: సిద్ధాంతం మీద వాదన పెట్టుకోరు. నువ్వేం నమ్ముతున్నావు అని అడగరు. రాత్రి పది తర్వాత ఎవరితో మాట్లాడుతున్నావు, ఆయన నిన్ను ఏం చేయమన్నాడు, ఎవరికి చెప్పొద్దన్నాడు అని అడుగుతారు. 'ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట దొరికితే అక్కడి నుంచి పని మొదలవుతుంది. ఉన్నట్టుండి కబడ్డీ జట్టు మానేయడం, కొత్త సిమ్ తీసుకోవడం, తన వస్తువులు పంచిపెట్టడం, ఇంట్లో అమ్మతో కూడా వాదన మానేయడం, ఇవి గమనిస్తారు. ఒక్కటి కనబడితే ఏమీ కాదు. రెండు మూడు కలిసి నెలలోపు వస్తే ఇంటికి పోయి కలుస్తారు.

ప్రశ్న అడిగే పిల్లాణ్ణి అనుమానించకపోవడం అన్నింటికంటే ముఖ్యం. బ్రిటన్‌లో తీవ్రవాదాన్ని ముందే ఆపాలన్న ప్రభుత్వ కార్యక్రమం 'ప్రివెంట్' కింద 2015 నుంచి టీచర్లకు కూడా అనుమానం వచ్చిన పిల్లల మీద సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత పెట్టారు. ముస్లిం కుటుంబాలు పిల్లల్ని బడిలో నోరు విప్పొద్దనేదాకా పోయిందని అప్పటి నుంచీ విమర్శ ఉంది. సిరోంచలో అడవి మాదే కదా, గనికి ఎవడిచ్చాడు అని అడిగే కుర్రాడు తీవ్రవాది కాదు, మామూలు ఇంటి పిల్లాడు. అతనికి సెంటర్‌లో ఇచ్చేది 2006 అటవీ హక్కుల చట్టం ఫారాలు. వ్యక్తి హక్కుకు 'ఏ', ఊరి హక్కుకు 'బీ', ఊరి అడవికి 'సీ'. గ్రామసభ తీర్మానం ఎలా రాయించాలో చూపిస్తారు. మెండా లేఖా అనే ఊరు ఈ జిల్లాలోదే. 2009లో అటవీ హక్కు పట్టా తెచ్చుకుంది, 2011లో వెదురు రవాణా పాసులు ఇచ్చే అధికారం గ్రామసభ చేతికే వచ్చింది. కోపంగా వచ్చిన కుర్రాడికి ఆ తీర్మానాల నకలు చదివించడం గంట ఉపన్యాసం కన్నా మేలు.

ఉపన్యాసం అన్నాం కాబట్టి, నెలకోసారి బయట నుంచి పిలిపించే 'ప్రేరణ' ప్రసంగాలకు ఒక్క నక్షత్రం, అదీ తర్వాత పెట్టే ఉప్మాకు. కుర్చీలు అద్దెకు తెస్తారు, మొదటి రెండు వరుసల్లో బుద్ధిమంతులు కూర్చుంటారు. రావాల్సినవాళ్ళు ఆ సాయంత్రం వంతెన దగ్గర ఉంటారు. నిధులిచ్చేవాళ్ళకు ఫొటోలు కావాలి కాబట్టి ఈ తంతు. ఫొటోలు వెనక నుంచే తీయాలని నియమం ఉన్నా, ఒకసారి మొహాలు కనబడే ఫొటో నిధులిచ్చిన సంస్థ ఫేస్‌బుక్ పేజీలో పడింది. తీయించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు రావడం మానేశారు.

మిగతా లోపాలు. అమ్మాయిలకు చోటు దాదాపు లేదు. దందావాళ్ళు సీసాలు దాచమని ఇచ్చేది ఇళ్ళల్లో అమ్మాయిలకే అయినా, వాళ్ళ కోసం ఉన్న ఒక్క కార్యకర్త వారానికి రెండు మధ్యాహ్నాలే తిరగగలుగుతోంది. జింగానూర్ వైపు మాడియా గిరిజన పిల్లలకు ఇక్కడి తెలుగు సగమే అర్థమవుతుంది, ఫారాలేమో మరాఠీలో ఉంటాయి, మాడియా వచ్చిన కార్యకర్త ఒక్కడూ లేడు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు గడ్చిరోలి పోలీసులు ఠాణాల్లో నడిపే 'దాదాలోరా ఖిడ్కీ' సేవా కేంద్రంలో సాయం దొరుకుతుంది, నిజంగా పనవుతుంది. కానీ ఠాణా గేటులోకి పోతే ఎవరు చూస్తారో అని జంకే పిల్లల్ని సెంటర్ వాళ్ళు సర్టిఫికెట్లిచ్చే సేతు కేంద్రానికి తీసుకుపోతారు. టైం ఎక్కువ పడుతుంది, సహించాలి.

పెద్ద లోటు కోర్టు రోజున బయటపడుతుంది. పద్దెనిమిది లోపువాణ్ణి పట్టుకుంటే లాకప్‌లో పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లో జువెనైల్ బోర్డు ముందుంచాలి. ఇక్కడిదాకా సెంటర్ బాగానే చెబుతుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు, ఉచిత న్యాయసహాయానికి 15100కు ఫోన్ చేయిస్తుంది. వయసు రుజువుకు బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్టో, పదో తరగతి సర్టిఫికెట్టో ముందు చూస్తారు, అవి లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ కాగితాల జిరాక్సులు ఇంట్లో తల్లి దగ్గర ఉంచమని ముందే చెప్పి ఉంటారు. కానీ బోర్డు ఉన్నది జిల్లా కేంద్రంలో, రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఆలాపల్లి దాకా ఆ రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. వాయిదాలకు వెంట వచ్చే మనిషి సెంటర్‌లో లేడు. తల్లీ కొడుకూ తెల్లవారుజామున బస్సెక్కి, రెండు పూటల కూలి పోగొట్టుకుని, వాయిదా పడిందని తెలుసుకుని వస్తారు. మూడో వాయిదాకు కారు పెట్టి తీసుకుపోయేది ఎవరనుకున్నారు? సేఠే. నలుగురిలో ఒకర్ని దీనికే కేటాయించకపోతే మిగతా పనంతా ఆ కారు ఎక్కి పోతుంది.

అన్నీ కలిపి 5కి 3.5.

వెళ్ళదలుచుకున్నవాళ్ళకు: మొదటిసారి పిల్లాణ్ణి వెంటబెట్టుకుని పోకండి, మీరే పొండి, ఏడు దాటాక, సంత రోజు కాకుండా. ఏం జరిగిందో చెప్పండి, మీ ఊహలు వద్దు. ఎవరెవరు వస్తున్నారని అడగకండి, చెప్పరు. పదో తరగతి ఫలితాల నుంచి జులై అడ్మిషన్ల దాకా, మళ్ళీ తునికాకు డబ్బులు చేతికొచ్చే రోజుల్లో, నలుగురూ ఊళ్ళ మీదే ఉంటారు, గదికి తాళం కనబడినా మూసేశారనుకోకండి. ఫోన్ చార్జింగ్ పెట్టాలంటే మూడో ప్లగ్గు వదిలేయండి, అది ఎప్పటి నుంచో పనిచేయడం లేదు.